సమాధానం: తప్పు క్రిస్టల్‌ది కాదు, టైమింగ్‌ది
డేటాని హోలోగ్రామ్‌లుగా దాచుకునే క్రిస్టల్, అంటే ఐరన్ కలిపిన లిథియం నియోబేట్‌లో, లేజర్ కోణం మారుస్తూ 10 పేజీలు (ఒక్కో పేజీ ఒక హోలోగ్రామ్) రాస్తే చివరిది మెరిసిపోతోంది, మొదటిది కనబడటమే లేదన్నారు కదండీ. అన్నిటికీ ఒకే టైమ్ ఇచ్చారు, అదీ సమస్య. కొత్త పేజీ రాసే వెలుగే పాతవాటిని కొంచెం కొంచెం చెరిపేస్తుంది, పలక మీద రాస్తుంటే మోచెయ్యి తగిలి పై లైను పోయినట్టు. మొదటి పేజీకి ఎక్కువసేపు ఇచ్చి తర్వాత వాటికి తగ్గించుకుంటూ రండి, చివరికి అన్నీ సమానమైన వెలుగుతో కనబడాలి. మీరు దీన్ని ఒక పేజీకి పోలిన పేజీ ఏదో వెతకడానికి వాడతానంటున్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం: ప్రశ్న పేజీ చూపించగానే అన్నీ ఒక్కసారే జవాబిస్తాయి, సరైన పేజీ మసకగా ఉంటే ఓడిపోతుంది.

ఇంకోటి, చదివేటప్పుడు కూడా చెరుగుతుంది. రాసింది చెరగకుండా నిలవాలంటే, 1971లో అమోడీ, స్టేబ్లర్ అనే శాస్త్రవేత్తలు చూపించినట్టు చీకట్లో సుమారు 130 డిగ్రీల సెల్సియస్‌కి వేడిచేసి, చల్లారాక సమానంగా వెలుగు పడనివ్వండి. మెల్లగా వేడిచేయండి బాబూ, హడావిడి పడితే క్రిస్టల్ పగలొచ్చు!