చెక్క నేల తుడిచే గుడ్డకు ఎంత తడి ఉండాలి?

ప్రశ్న: హాల్లో లామినేట్ (చెక్కలా కనిపించే పలకల నేల) వేయించి ఏడాదిన్నర అయింది. బకెట్ నీళ్లలో మూతెడు ఫ్లోర్ క్లీనర్ కలిపి రోజూ మాప్‌తో తుడుస్తాం. ఇప్పుడు అతుకుల దగ్గర పలకల అంచులు లేచి కాలికి తగులుతున్నాయి. నేలంతా మసకబారింది, అడుగు వేస్తే పాదం ముద్ర పడుతోంది. పాలిష్ పెట్టిస్తే బాగవుతుందా?

జవాబు: పాలిష్ వద్దండీ. మీ నేలకు వచ్చినవి రెండు వేర్వేరు ఇబ్బందులు. ఒకటి పోతుంది, రెండోది పోదు.

పోయేది మసక. నేల పాడై వచ్చింది కాదది, రోజూ వేసిన క్లీనర్ పేరుకుని వచ్చింది. నీళ్లు ఆరిపోయినా మందు మాత్రం సన్నని జిడ్డుపొరగా మిగిలిపోతుంది. పాదాల ముద్రలు పడేది దాని మీదే. పాలిష్ పెడితే ఆ పొర మీద ఇంకో పొర చేరుతుంది, అంతే. ముందు దుమ్మంతా తీసేయండి. క్లీనర్ చుక్క కూడా కలపకుండా గోరువెచ్చని నీళ్లలో మైక్రోఫైబర్ గుడ్డ ముంచి, గట్టిగా మెలిపెట్టి పిండి, ఒకసారికి నాలుగైదు పలకలు మాత్రమే తుడవండి. వెంటనే పొడిగుడ్డతో ఒత్తి తుడవాలి. నీళ్లు కాస్త మురికిగా కనిపించగానే మార్చేయండి, లేకపోతే తీసిన జిడ్డునే మళ్లీ పూసినట్టవుతుంది. ఒక్కసారితో పూర్తిగా పోకపోతే మర్నాడు మళ్లీ చేయండి.

పోనిది అంచుల ఉబ్బు. పనివాళ్లు వదిలేసిన ముక్క ఉంటే దాని అంచు దగ్గరగా పెట్టి చూడండి. పైన గట్టి మెలమైన్ పొర, దాని కింద చెక్క బొమ్మ అచ్చువేసిన కాగితం, ఆ కిందంతా చెక్క పీచును జిగురుతో అదిమిన బోర్డు. పై పొర నీళ్లు పీల్చదు. కానీ అతుకులోకి దిగిన నీటిని బోర్డు పీల్చుకుంటుంది. అలా ఉబ్బిన పీచు ఆరాక కూడా మళ్లీ పాత మందానికి రాదు. ఉప్పుకాగితంతో అరగదీస్తే బొమ్మ కాగితమే లేచిపోతుంది. ఆ పలకలు మార్చుకోవడమే దారి. క్లిక్ పద్ధతిలో, అంటే జిగురు లేకుండా ఒకదానిలో ఒకటి ఇరికించి బిగించినవైతే గోడవైపు స్కర్టింగ్ తీసి, వరుసగా విప్పుకుంటూ వచ్చి మార్చవచ్చు. కొత్తగా వేయించుకునేవాళ్లు ఒక పెట్టె పలకలు అదనంగా కొని దాచుకోవాలని మేము గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇకపైన రోజూ దుమ్ము తీస్తే చాలు, తడిగుడ్డ వారానికి ఒకసారి. పిండిన గుడ్డ నుంచి చుక్క కారకూడదు. తుడిచిన చోట తడి జాడ ఒకటి రెండు నిమిషాల్లో ఆరిపోవాలి, ఆరలేదంటే గుడ్డ ఇంకా పిండాలి. ఆవిరి మాప్ అసలు వద్దు, అది తడిని వేడితో సహా అతుకుల్లోకి పంపుతుంది.

ప్రశ్న: మాది అసలు చెక్క నేల. వెనిగర్ నీళ్లతో తుడవమంటున్నారు, మంచిదేనా? నడిచే దారిలో మెరుపు తగ్గింది.

జవాబు: వెనిగర్ ఆమ్లం. నెలల తరబడి వాడితే పై పూత మెరుపును తినేస్తుంది. చెక్క నేలలకని అమ్మే, ఆమ్లమూ క్షారమూ కాని క్లీనర్ తీసుకుని, సీసా మీద రాసిన పాళ్లలోనే వాడండి. నేల మీద కాకుండా గుడ్డ మీద చల్లుకోండి.

మెరుపు తగ్గిన చోట ఒక నీటిచుక్క వేసి ఐదు నిమిషాలు చూడండి. చుక్క గుండ్రంగా నిలిస్తే పూత ఉన్నట్టే. పరుచుకుని చెక్క ముదురు రంగుకు తిరిగితే పూత అరిగిపోయిందని అర్థం. నూనె పూత నేలకైతే ఆ రకం నూనె మళ్లీ పట్టించాలి. పాలియురెథేన్ పూతైతే (ప్లాస్టిక్‌లా గట్టి పొర కట్టే వార్నిష్), చుక్క ఇంకా నిలుస్తున్నప్పుడే పైపైన గరుకు చేయించి ఒక కోటు వేయించుకోండి. చెక్క బయటపడేదాకా ఆగితే మొత్తం చెక్కి తీయాల్సి వస్తుంది.

ఒక జాగ్రత్త. గతంలో మైనం పూసి ఉంటే కొత్త కోటు అంటుకోక పెచ్చులూడుతుంది. తెల్లగుడ్డకు కాస్త వైట్ స్పిరిట్ (పెయింట్ పలచబరిచే ద్రావకం) అద్ది, కిటికీలు తెరిచి, నిప్పు దగ్గర లేకుండా ఒక మూల రుద్దండి. గుడ్డకు పసుపు, గోధుమ రంగు జిడ్డు అంటితే మైనం ఉన్నట్టే. నూనె పట్టించిన గుడ్డలను ఉండచుట్టి పడేయవద్దు. అవిసె నూనె వంటివి ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డలకు దానంతటదే నిప్పు అంటుకోవచ్చు. నీళ్లలో తడిపి, బయట పరిచి ఆరనివ్వండి.

ప్రశ్న: పైపు కారి చెక్క పలకలు గిన్నెల్లా గుంటపడ్డాయి. వెంటనే సాండింగ్ (పైభాగం అరగదీసి చదును చేయడం) చేస్తానంటున్నాడు వడ్రంగి. చేయించమంటారా?

జవాబు: ఇప్పుడే చేయించకండి. పైభాగం కంటే అడుగున తడి ఎక్కువైతే అడుగు వెడల్పు పెరిగి అంచులు లేస్తాయి. ఆ అంచులను ఇప్పుడు చెక్కేస్తే, అడుగు ఆరి పలక సర్దుకున్నాక అంచులు పల్లమై నడుమ వీపులా లేస్తుంది. కారడం ఆపించి, ఫ్యాన్లు పెట్టి ఆరనివ్వండి. వేడిగాలి కొట్టకండి, పైభాగమే ముందు ఆరి ఇంకా ముడుచుకుంటుంది. వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. తేమ మీటరుతో తడవని గదిలో పలకను, తడిసిన పలకను పోల్చి చూడండి. రెండు అంకెలూ దగ్గరకొచ్చాక కూడా గుంట మిగిలితేనే సాండింగ్. మీ పలకలు ప్లై మీద పలచని చెక్క అతికించినవై, ఆ చెక్క 2 మి.మీ. లోపు ఉంటే సాండింగ్ జోలికే పోవద్దు.

ప్రశ్న: వ్యాక్యూమ్ వాడవచ్చా? కుర్చీ గీతలు ఆపేదెలా?

జవాబు: వాడవచ్చు, తిరిగే బ్రష్ ఆపేసి. కుర్చీ కాళ్లకు ఫెల్ట్ (అదిమిన మెత్తని ఉన్నిలాంటి బట్ట) ముక్కలు అతికించి, నెలకోసారి తిరగేసి చూడండి. ఇసుక రేణువులు గుచ్చుకున్న ఫెల్ట్ ఉప్పుకాగితంతో సమానం, తీసి కొత్తది వేయాలి.