క్యాంపర్ వెనక మడత క్యారియర్ బిగించే ముందు తలుపు తీసి చూడండి

పికప్ మీద పడుకునే పెట్టె, అంటే క్యాంపర్, కట్టించుకున్నాను, దాని వెనక మడత పెట్టే ఇనప క్యారియర్ తగిలించి కుర్చీలు, స్టవ్వు, నీళ్ల డబ్బాలు పెట్టుకోవచ్చా అని కదా మీరు అడిగింది. పెట్టుకోవచ్చు. నేను విజయవాడ ఆటోనగర్‌లో చేయించాను, అదీ రెండుసార్లు. రెండోసారి ఎందుకో చెబితే మీ డబ్బులు మిగులుతాయి.

నాది బొలెరో క్యాంపర్. మన దగ్గర క్యాంపర్ అంటే ఆ బండే కాబట్టి, దాని మీద ఇంకో క్యాంపర్ కట్టమంటే మేస్త్రీ ముందు నవ్వాడు, తర్వాత రేటు పెంచాడు. పెట్టె తలుపు వెనక వైపు, రెండడుగుల వెడల్పు ఒకటే రెక్క. క్యారియర్‌ని పరిచి చూశాం, మడిచి చూశాం, బాగానే ఉంది. మడిచినప్పుడు తలుపు తీసి మాత్రం ఎవరం చూడలేదు.

మొదటి ట్రిప్పు సూర్యలంక బీచ్. నేనూ మా ఆవిడా పెట్టెలో, బావమరిది బయట టెంట్‌లో. చీకట్లో రెండుసార్లు మోకాలికి తగిలిందని వాడు సామాను దించేసి, క్యారియర్‌ని పైకి మడిచి పిన్ కొట్టి పడుకున్నాడు. తెల్లారి తలుపు తోస్తే సగం కూడా తెరుచుకోలేదు. ఫోన్లు ముందు క్యాబిన్‌లో ఛార్జింగ్‌లో ఉన్నాయి. కిటికీ జాలీలోంచి అరిస్తే వాడికి వినపడేసరికి బాగా పొద్దెక్కింది. నవ్వుకోడానికి బాగానే ఉంది గానీ, లోపల స్టవ్వు వెలిగించి ఉంటే?

తిరిగొచ్చాక ఇంకో షాపువాళ్లు సులువైన దారి చెప్పారు: తలుపుకి చోటు దొరికేలా, బండికీ క్యారియర్‌కీ మధ్యలో అడుగున్నర పైపు వేసి దాన్ని ఇంకా వెనక్కి జరపడం. అలాగే వేయించాను, అదే అసలు తప్పు. లెక్క చూడండి. క్యారియర్, సామాను కలిపి 60 కిలోలు అనుకోండి. వెనక ఇరుసు నుంచి ఆ బరువు 1.8 మీటర్ల దూరంలో ఉంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం దాదాపు 3 మీటర్లు. అప్పుడు వెనక ఇరుసు మీద పడేది 60 కాదు, 96 కిలోలు. ముందు చక్రాల మీద నుంచి 36 కిలోలు లేచిపోతాయి. అసలే పెట్టె బరువుతో కమాన్ కట్టలు (వెనక స్ప్రింగు పట్టీలు) కూర్చుని ఉన్నాయి. నాకైతే హైవే మీద స్టీరింగ్ తేలిపోయినట్టు అనిపించింది, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు ఎక్కిన ప్రతిసారీ క్యారియర్ అంచు నేలకు రాసుకునేది. గుంతలో పడితే ఆ పైపు ఊగే ఊపుకి సాకెట్ (క్యారియర్ పైపు దూరే, బండి వెనకున్న గొట్టం) దగ్గర వెల్డింగ్ వెంట్రుకంత చీలింది. బండి కడుగుతుంటే కనపడింది కాబట్టి సరిపోయింది.

ఆ పైపు తీయించేశాను. తలుపునే రెండు రెక్కలు చేయించాను, ఒక్కోటి అడుగు. ఇప్పుడు క్యారియర్ మడిచి ఉన్నా ఒక రెక్క తీసి, చెయ్యి చాచి పిన్ లాగితే అది కిందికి దిగుతుంది, మెట్టులాగా కూడా పనికొస్తుంది. పిన్ లోపలి నుంచి అందేలా పెట్టించుకోవడం మాత్రం మరిచిపోకండి.

బిగింపు సంగతి. సాకెట్‌ని ఛాసిస్‌కి, అంటే బండి అడుగున ఉండే ఇనప ఫ్రేముకి, నేరుగా వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోకండి, ఆ వేడికి అక్కడి ఇనుము బలం తగ్గుతుంది. ఛాసిస్‌కి ఉన్న రంధ్రాల్లోనే ప్లేట్లు పెట్టి, తల మీద 8.8 అని (బలాన్ని చెప్పే గుర్తు) ఉన్న బోల్టులతో బిగించమనండి. సాకెట్ 2 అంగుళాలది, అందులో పైపుని నిలిపే పిన్ 16 మిల్లీమీటర్లది తీసుకోండి. సాకెట్‌లో పైపు కొంచెం వదులుగానే ఉంటుంది, టకటకమంటుంది. దానికి యూ బోల్టు క్లాంపు ఒకటి వేస్తే చప్పుడూ పోతుంది, ఊగడమూ తగ్గుతుంది. మొదటి ట్రిప్పు తర్వాత నట్లన్నీ మళ్లీ బిగించండి.

క్యారియర్ మీద తేలికవే పెట్టండి: కుర్చీలు, టెంటు, టార్పాలిన్. నీళ్ల డబ్బాలు మీరు రాశారు గానీ, 20 లీటర్ల డబ్బా అంటే 20 కిలోలు, వాటిని పెట్టెలోనే ముందు వైపు, నేల మీద పెట్టండి. గ్యాస్ సిలిండర్ మాత్రం వెనక వద్దే వద్దు. వెనక నుంచి ఎవడైనా గుద్దితే మొదట తగిలేది దానికే.

మడిచినా, సామాను పెట్టినా నంబర్ ప్లేటు, వెనక లైట్లు మరుగున పడకూడదు. నేను ప్లేటునీ దాని బల్బునీ పెట్టె పైభాగానికి మార్పించాను, బ్రేక్ లైట్లు ఇంకో జత వేయించాను. సామాను అనుమతించిన మేర దాటి వెనక్కి పొడుచుకొస్తే మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు. ఖాళీగా ఉన్నప్పుడు నేను క్యారియర్‌ని మడిచి కూడా ఉంచను, సాకెట్ పిన్ తీసి క్యారియర్‌నే ఇంట్లో పెట్టేస్తాను.

మీ తలుపు వెడల్పు, మడిచిన క్యారియర్‌కీ తలుపుకీ మధ్య ఎన్ని అంగుళాలు వస్తుందో కొలిచి చెప్పండి. తలుపు మార్చాలో అక్కర్లేదో అప్పుడు చెబుతాను.