దువ్వేకొద్దీ పొంగే జుట్టు

ప్రశ్న: నాది పుట్టుకతోనే ఉంగరాల జుట్టు. తలస్నానం చేసి, తువ్వాలుతో గట్టిగా తుడుచుకుని, ఆరాక దువ్వుకుని కాలేజీకి బయల్దేరతాను. మూడు లాంతర్ల జంక్షన్ దగ్గరికి వచ్చేసరికే పొంగిపోయి పిచ్చుక గూడులా తయారవుతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం లోపు స్ట్రెయిటెనింగ్ చేయించుకోనా?
- డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: నీ ఇష్టం తల్లీ, కానీ కొత్తగా మొలిచేది మళ్లీ ఉంగరాల జుట్టే. ముందు ఆ ఆరాక దువ్వడం మానెయ్. మాడు మీది నూనె మెలికలన్నీ దాటుకుని చివర్ల దాకా సులువుగా దిగదు, అందుకే చివర్లు ఎండిపోతాయి, ఎండిన జుట్టు గాల్లో తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, సముద్రానికి దగ్గర్లో ఉన్న మనకి తేమకేం కరువు!

స్నానంలోనే కండిషనర్ రాసి, పెద్ద పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీసుకో. తువ్వాలుతో రుద్దొద్దు, ఇంట్లో పాత కాటన్ బనియన్ ఉంటుందిగా, దాంతో అదిమితే చాలు.

ఉంగరాలు చెదరకుండా పట్టి ఉంచే జెల్ కొనక్కర్లేదు. రెండు పెద్ద చెంచాల అవిసె గింజలు రెండు కప్పుల నీళ్లలో ఉడికిస్తే గుడ్డు తెల్లసొనలా జారుడుగా అవుతుంది, వేడి మీదే వడకట్టు (చల్లారాక గుడ్డలోంచి చుక్క దిగదు, నేను పడ్డాను ఆ తిప్పలు). తడి జుట్టుకి రాసి, కింది నుంచి గుప్పిట్లోకి తీసుకుని నొక్కి వదిలెయ్. పూర్తిగా ఆరేదాకా చెయ్యి పెట్టకు. బిరుసుగా అనిపిస్తే ఆరాక మళ్లీ గుప్పిట్లో నలుపు, మెత్తబడుతుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టు, వారం దాటితే పారెయ్.

రోజూ షాంపూ మాత్రం వద్దు, వారానికి రెండుసార్లు చాలు.