స్టుట్‌గార్ట్‌లో పన్ను కట్టాను, విశాఖలో అడ్వాన్స్ కట్టాను

"జర్మనీలో సగం జీతం పన్నుకే పోతుందంట కదా, వైద్యం నిజంగా ఫ్రీయేనా, ఇండియా వచ్చేస్తే ఎక్కువ మిగులుతుందా" అని అడిగారు. మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర ఊరు. స్టుట్‌గార్ట్‌లో ఆరేళ్లు పనిచేసి 2022లో వచ్చేశాను. నా అనుభవం చెప్తాను, అందరికీ ఇలాగే ఉంటుందనను.

ముందు ఆ "సగం" సంగతి. పెళ్లి కాకముందు నా గ్రాస్ 4,500 యూరోలు, చేతికి వచ్చేది 2,700 చుట్టుపక్కల. మొదటి పేస్లిప్ చూసి గుండె జారిపోయింది. తీరిగ్గా చూస్తే పోయినదాంట్లో సగం అసలు పన్నే కాదు, పెన్షన్, నిరుద్యోగ బీమా, ఆరోగ్య బీమా. ఆరోగ్య బీమాకి జీతంలో 14.6 శాతం, పైన బీమా కంపెనీని బట్టి ఇంకొంచెం, అందులో సగం మనది, సగం యజమానిది. కాబట్టి ఫ్రీ అనేది ఏమీ లేదు, ముందే కోసేస్తారు అంతే. పెళ్లయ్యాక ఉద్యోగం లేని మా ఆవిడ నా బీమాలోనే అదనంగా ఒక్క సెంటు లేకుండా చేరిపోయింది, ట్యాక్స్ క్లాస్ (పెళ్లయిందా లేదా అన్నదాన్ని బట్టి పన్ను కోసే తరగతి) మారి చేతికొచ్చేది మూడు వేలు దాటింది.

ఒక రాత్రి కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వెళ్లాను, అపెండిక్స్ అన్నారు. ఫొటో ఉన్న బీమా కార్డు గీకారు, తెల్లారేసరికి ఆపరేషన్ అయిపోయింది. నాలుగు రోజులున్నాను, తర్వాత ఇంటికి ఉత్తరం వచ్చింది, రోజుకి 10 యూరోల చొప్పున 40 కట్టమని. అంతే. సెలవు రోజులకి జీతం కూడా పూర్తిగా ఇచ్చారు, అక్కడ జబ్బు చేస్తే ఆరు వారాల దాకా అలా ఇవ్వాలని చట్టం. తిండి గురించి మాత్రం అడగకండి, సాయంత్రం ఐదున్నరకే రెండు బ్రెడ్ ముక్కలు, ఒక చీజ్ ముక్క. ఫోన్‌లో చెప్తే మా అమ్మ "ఆపరేషనైన గుంటడికి చల్లటి రొట్టేటి?" అని ఏడుపొక్కటే తక్కువ.

అలాగని అక్కడంతా స్వర్గం కాదు. చర్మం మీద మచ్చలొస్తే స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ ఏడు వారాలకి దొరికింది, అప్పటికి మచ్చలే పోయాయి. అదే శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర సాయంత్రం చీటీ రాయించుకుంటే రాత్రికి డాక్టరుని చూసి, మందులు కొనుక్కుని బస్సెక్కేయొచ్చు. చిన్న జబ్బులకి మన దగ్గరే సుఖం, నేను ఒట్టేసి చెప్తాను.

పెద్ద జబ్బు దగ్గరే కథ తిరగబడుతుంది. 2023లో మా నాన్న బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి విశాఖ తీసుకెళ్లాం, దారి పొడుగునా ప్రతి స్పీడ్ బ్రేకరుకీ ఆయన మూలుగు. ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో స్ట్రెచర్ అక్కడే ఉంచి, బీమా అప్రూవల్ వచ్చేదాకా అని 50,000 అడ్వాన్స్ కట్టించుకున్నారు. మా ఆఫీసు పాలసీలో నాన్నకి 3 లక్షలు ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. అందులో రూమ్ అద్దె రోజుకి 3,000 దాకానే, మేం తీసుకున్నది 5,000 గది. రోజుకి రెండు వేలు తేడా కట్టేస్తే సరిపోతుందనుకున్నాను, కాదట, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీ, నర్సింగ్, అన్నీ అదే లెక్కన అయిదింట మూడు వంతులే ఇస్తారట. గ్లౌజులు, దూది లాంటి వాటికి బీమా వాళ్లు అసలివ్వరు. 2,80,000 బిల్లులో 90,000 పైనే నా జేబులోంచి పోయింది. డిశ్చార్జి అని పొద్దున్న చెప్తే అప్రూవల్ వచ్చేసరికి రాత్రి తొమ్మిది. (2024లో మూడు గంటల్లో తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ చెప్పింది, మా నాన్న కొంచెం ముందు పడ్డారు.)

మా వీధిలోనే ఒకాయనకి ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషన్ రూపాయి లేకుండా అయింది. 2007లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మనదీ ఒకటి. కార్డు ఉన్నవాడికి అది ఉంది, మనలా జీతంలో పన్ను పోయేవాడే మధ్యలో ఇరుక్కుంటాడు. ఆ పన్ను మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు కూడా కడతాం, క్యాష్ కౌంటర్ దగ్గర దాన్ని చూపిస్తే ఎవడూ ఒప్పుకోడు మరి.

కాబట్టి ఇక్కడ పన్ను తక్కువ అన్నది నిజమే, కానీ ఆ మిగిలిందంతా మీదనుకోకండి, అందులో కొంత నాన్నగారి తుంటిది. తిరిగి రావాలనుకుంటే టికెట్ కంటే ముందు అమ్మానాన్నల పేర సొంత పాలసీ తీసుకోండి, రూమ్ అద్దె పరిమితి లేనిది. షుగరో బీపీయో ఉంటే దాచకుండా రాయండి, పాత జబ్బులకి బీమా వర్తించాలంటే మూడేళ్ల దాకా ఆగాల్సి రావొచ్చు, అందుకే ఆ మూడేళ్లు మీరు అక్కడ ఉండగానే గడిచిపోయేలా చూసుకోండి.