ఇంటి నెయ్యి: పాఠకుల సందేహాలు, మా సమాధానాలు

దసరా వచ్చేస్తోంది. పండగ వెళ్ళిన మంగళవారమే విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. ఇంటికి చుట్టాలొస్తారు, బూరెలు, బొబ్బట్లు, సున్నుండలు తప్పవు. అందుకే కాబోలు, ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నేతి సందేహాలు చాలా ఉన్నాయి.

రోజూ లీటరు ప్యాకెట్ పాలు కొంటాం. పదిహేను రోజుల మీగడ ఫ్రిజ్‌లో పోగేసి కాస్తే నెయ్యి గిద్దెడు కూడా రాలేదు. పైగా మక్కిన వాసన. తప్పెక్కడ జరిగింది? – ఓ గృహిణి, రాజాం

ముందు ప్యాకెట్ మీది అక్షరాలు చదవండి. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం. అంటే లీటరు ఫుల్ క్రీమ్ పాలలో ఉండేదే దాదాపు 62 గ్రాముల కొవ్వు, టోన్డ్ పాలలో అందులో సగం. అదంతా మీగడతో చేతికి రాదు, మూడింట రెండు వంతులు వస్తే బాగా తీసినట్టే. ఆ లెక్కన పది లీటర్ల ఫుల్ క్రీమ్ పాలకు నెయ్యి 400 గ్రాములకు అటూఇటూ. ప్యాకెట్ మీద ‘హోమోజినైజ్డ్’ అని ఉంటే ఆశ వదులుకోండి. ఆ పాలలో కొవ్వు బిందువుల్ని యంత్రం చిన్నచిన్నగా చిదిపేస్తుంది కాబట్టి అవి పైకి తేలవు, మందమైన మీగడ కట్టదు.

పాలు పొంగాక సెగ తగ్గించి మరో ఎనిమిది, పది నిమిషాలు మరగనివ్వండి. కదపకుండా చల్లార్చి, ఏడెనిమిది గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, అప్పుడు తీయండి. మీగడ మందంగా, ఒకే పొరగా వస్తుంది.

ఇక వాసన సంగతి. ఫ్రిజ్ చలిలోనూ పెరిగే సూక్ష్మజీవులున్నాయి. వారం దాటిన పచ్చి మీగడను అవి చేదెక్కిస్తాయి, ఆ చేదు కాచినా పోదు. మీగడను డీప్ ఫ్రీజర్‌లో పోగేయండి, పది రోజులకు మించనివ్వకండి. చిలకబోయే ముందు రోజు తీసి కరగనిచ్చి, రాత్రి గోరువెచ్చగా చేసి రెండు చెంచాల కమ్మటి పెరుగు కలిపి తోడు పెట్టండి. తోడు వేయని మీగడకూ వెన్న వస్తుంది, కానీ మనం కోరుకునే ఆ కమ్మటి వాసన పులిసిన మీగడలోనే పుడుతుంది. ఈ ఒక్క రాత్రిని మాత్రం ఎగ్గొట్టకండి.

మిక్సీలో ఎంతసేపు తిప్పినా వెన్న పడదు. ఎండాకాలం నూనెలా జారిపోతోంది, చలికాలం ఒట్టి నురగే వస్తోంది. – బొబ్బిలి

రెండింటికీ కారణం వేడిలోని తేడాయే. వెన్న చక్కగా కట్టేది 12 నుంచి 15 డిగ్రీల దగ్గర. ఏప్రిల్, మే నెలల్లో తోడుకున్న మీగడను గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, చిలికేటప్పుడు ఐసు ముక్కలు, చల్లటి నీళ్ళు వేయాలి. ధనుర్మాసం చలిలో కొవ్వు మరీ బిగిసిపోయి ముద్దకట్టదు, అప్పుడు అర గ్లాసు గోరువెచ్చని నీళ్ళు చాలు. వేడినీళ్ళు పోస్తే కరిగి మజ్జిగలో కలిసిపోతుంది.

జారును సగానికి మించి నింపకండి. రెండు కప్పుల మీగడకు కప్పు నీళ్ళు పోసి, ఆపి ఆపి తిప్పండి. మిక్సీ మోత ఉన్నట్టుండి మారి లోపల థప్‌థప్‌మని కొట్టుకుంటే వెన్న విడిపోయినట్టు. పెసరగింజంత పలుకులు కనపడగానే ఆపేయాలి. అక్కడా ఆపకపోతే మజ్జిగ వెన్నలోకి దూరిపోతుంది. తేలిన వెన్నను చల్లటి నీళ్ళలో మూడుసార్లు, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. కడగని వెన్నలో మజ్జిగ తరకలు మిగిలి, కాచేటప్పుడు విపరీతంగా పొంగుతుంది, గసి (అడుగున దిగే పాల పలుకులు) ఎక్కువై తొందరగా మాడుతుంది.

కాచేటప్పుడు ఎప్పుడు దించాలో అంతు చిక్కడం లేదు. ఒకసారి పచ్చివాసన, మరోసారి మాడు. – విజయనగరం

మందపాటి అడుగున్న గిన్నె తీసుకోండి, వెన్నకు మూడింతలు పెద్దది కావాలి. వెన్న కరిగేదాకా సెగ మధ్యస్థం, ఆ తర్వాత చివరిదాకా సన్నం. అరకిలో వెన్నకు ఇరవై నిమిషాల దాకా పడుతుంది. గడియారం కంటే చెవి, కన్ను నమ్మకమైనవి.

మొదట తెల్లటి నురగ చిక్కగా కప్పేస్తుంది, కింద గలగలా చప్పుడు. అది వెన్నలోని నీరు ఆవిరవుతున్న మోత. నీరున్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటి పెద్దగా పెరగదు, కాబట్టి ఈ దశలో మాడుతుందని భయం అక్కర్లేదు. తర్వాత నురగ పల్చబడి, పక్కకు జరిపితే అడుగు కనిపిస్తుంది. చప్పుడు తగ్గుతూ వస్తుంది. ఇక్కణ్ణుంచి పొయ్యి దగ్గర్నుంచి కదలకండి. నీరు పోయాక వేడి నిమిషాల్లో 110 దాటేస్తుంది, అడుగున తెల్లగా ఉన్న పలుకులు లేత గోధుమ రంగుకు తిరుగుతాయి. అదే వేళకు సన్నటి బుడగలతో రెండో నురగ లేస్తుంది. అదే గుర్తు, వెంటనే దించేయండి. గిన్నె వేడికి మరో రెండు మూడు నిమిషాలు అది ఉడుకుతూనే ఉంటుంది. ముదురు గోధుమ రంగు వచ్చేదాకా పొయ్యి మీదే ఆగితే చల్లారేసరికి నల్లబడి చేదెక్కుతుంది.

మునగాకు రెమ్మ ఒకటి గానీ, చిన్న తమలపాకు గానీ దించేముందు వేయండి. వాసనకే కాదు, కొలతకూ పనికొస్తుంది. ఆకు కరకరలాడేలా వేగిందంటే తడి పోయినట్టే. ఇంకా అనుమానముంటే దూదివత్తిని ఆ నేతిలో ముంచి వెలిగించండి. చిటపటలాడితే నీరుంది, మళ్ళీ పొయ్యి ఎక్కించాలి. నిశ్శబ్దంగా వెలిగితే చాలు.

గోరువెచ్చగా అయ్యాక పొడి గుడ్డలో వడకట్టండి. పూస కావాలంటే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టకూడదు. గది వేడిలో, కదపకుండా, ఒక రాత్రంతా నెమ్మదిగా పేరుకోనివ్వాలి. తొందరగా చల్లార్చితే పూస లేకుండా ముద్దగా గట్టిపడుతుంది, రుచిలో మాత్రం తేడా లేదు.

సంతలో నెయ్యి చవగ్గా దొరుకుతోంది. అరచేతిలో కరిగితే, పూస కడితే అసలుదేనంటారు. నమ్మొచ్చా? – టెక్కలి

నమ్మకండి. ఒంటి వేడికి కరిగే కొవ్వులు ఇంకా ఉన్నాయి. పూస నెమ్మదిగా చల్లార్చడం వల్ల వచ్చేది. పసుపు రంగు ఆవు నేతికి సహజం, గేదె నెయ్యి తెల్లగా ఉంటుంది, కానీ రంగు కలపడం ఎవరికైనా వచ్చు.

లెక్క వేసి చూడండి. 6 శాతం కొవ్వున్న పాలలో చుక్క కొవ్వు వృథా కాకపోయినా కిలో నేతికి 16 లీటర్లు కావాలి, 4 శాతం ఆవు పాలైతే 24 లీటర్లు. మీ ఊళ్ళో పాల ధరతో గుణించండి. వెన్న తీసిన పాలనూ అమ్ముకుంటారు కాబట్టి నేతి ధర ఆ మొత్తానికి కొంత తక్కువ ఉండొచ్చు. సగానికీ సగం తక్కువకు ఇస్తున్నారంటే అందులో మరేదో ఉంది.

నేతిలో కల్తీకి వాడే వనస్పతిలో (డాల్డా లాంటిది) కనీసం 5 శాతం నువ్వుల నూనె ఉండాలని మనదేశంలో నిబంధన. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పంచదారలతో ఆ నువ్వుల నూనె ఎర్రటి రంగు చూపిస్తుంది, కల్తీ పట్టే బౌడౌయిన్ పరీక్ష ఇదే. ఆ ఆమ్లం వంటింట్లో ముట్టుకోవలసింది కాదు, పామాయిల్, జంతు కొవ్వు కలిపితే ఈ పరీక్షకు చిక్కవు కూడా. గట్టి అనుమానముంటే 2006 ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కింద, కొన్నవారే రుసుము కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. కల్తీ తేలితే ఆ రుసుము వాపసు వస్తుంది.

మా సలహా ఒక్కటే. పాడి లేనివారు నెయ్యి కొనేకంటే, పాడి ఉన్న తెలిసిన ఇంటి నుంచి వెన్నపూస కొనుక్కోండి. కడిగిన మంచి వెన్న కిలో కాస్తే 700 నుంచి 800 గ్రాముల నెయ్యి దిగాలి. అంతకు తగ్గితే నీళ్ళకో మజ్జిగకో డబ్బిచ్చినట్టు. ఆ సంగతి ఒక్కసారి కాచేసరికే తెలిసిపోతుంది.

మాది సముద్రం పక్క ఊరు. ఇత్తడి గిన్నెలో ఉంచిన నెయ్యి నెలకే కనరు వాసన, ఒకసారి బూజు కూడా. – కళింగపట్నం

బూజుకు తడి కావాలి. నెయ్యి సరిగ్గా కాగలేదు, లేదా తడి చెంచా పడింది. బూజు పట్టినది పారేయండి. కనరు వాసనకు మీ గిన్నెదే ఎక్కువ తప్పు. కళాయి లేని ఇత్తడిలోని రాగి నేతిని తొందరగా పాడుచేస్తుంది. వెలుతురు కూడా అంతే. పింగాణీ జాడీలోనో స్టీలు డబ్బాలోనో పోసి, వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుంటూ ఉండండి. కనరెక్కిన నెయ్యి మళ్ళీ కాచినా బాగుపడదు, వంటకు వాడకండి.

అడుగున మిగిలిన గసి పారేయాలా? – సాలూరు

మాడకపోతే ఎందుకు పారేయడం? అందులో పాల పలుకులు, వాటికి పట్టిన నెయ్యి ఉంటాయి. దోరగా వేయించిన చోడిపిండి (రాగిపిండి), బెల్లం తురుము కలిపి ఉండలు చుట్టండి, లేదా వేడి అన్నంలో పప్పుతో కలుపుకోండి. రెండు రోజుల్లో వాడేయాలి. దుకాణంలో కొన్న ఉప్పు వెన్న కాచినప్పటి గసి మాత్రం వద్దు. ఉప్పు నేతిలో కరగదు, అదంతా గసిలోకే దిగి నోట పెట్టుకోనివ్వదు.