కొండదారి, పాత రైలుదారి: పరుగు మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: రోడ్డు మీద పది కిలోమీటర్లు గంటలో పూర్తిచేస్తాను. బెంగళూరులో కనకపుర రోడ్డు పక్కన తురహళ్ళి అడవిలో చుట్లు కొడితే 9 కిలోమీటర్లకే 72 నిమిషాలు పట్టింది. వాచీ 240 మీటర్ల ఎక్కుడు చూపించింది. మూడో రోజుకి కూడా ఆఫీసు మెట్లు దిగలేకపోయాను. నా ఫిట్‌నెస్ ఇంతేనా అండీ?
— మారతహళ్ళి పాఠకుడు

జవాబు: ఫిట్‌నెస్‌కేం ఢోకా లేదు. మీ లెక్కలోకి ఎక్కుడు రాలేదు, అంతే. స్కాట్లండ్ పర్వతారోహకుడు నాయ్‌స్మిత్ 1892లో నడిచేవాళ్ళ కోసం ఒక సూత్రం చెప్పాడు: ప్రతి మూడు మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు ఇంకో గంట. అంటే రెండు వేల అడుగులు ఎక్కడం, మూడు మైళ్ళు చదునుగా నడవడం ఒకటే. మీటర్లలో చూస్తే ఒక మీటరు ఎక్కుడుకి దాదాపు 8 మీటర్ల చదును. పరుగుకీ ఈ లెక్క బాగానే పనికొస్తుంది. మీ 240 మీటర్లు 1.9 కిలోమీటర్లతో సమానం. 9తో కలిపితే 10.9. కిలోమీటరుకి ఆరు నిమిషాల చొప్పున 65 నిమిషాలు. మిగతా ఏడు నిమిషాలూ రాళ్ళకీ, వేర్లకీ, లాంటానా పొదలకీ పోయాయి. కొత్తదారిలో ఇది మంచి టైమే.

కొండదారిలో కిలోమీటరుకి ఎన్ని నిమిషాలని వాచీ చూడకండి, ఊపిరి చూసుకోండి. ఒక వాక్యం పూర్తిగా పలకగలిగితే పరుగెత్తండి. నాలుగు మాటలకే ఆయాసం వస్తే నడవండి. వాలు 15 శాతం దాటిన చోట, అంటే వంద మీటర్లకి పదిహేను మీటర్లు లేచేచోట, అరచేతులు తొడల మీద ఆనించి చకచకా నడవడమే చాలామందికి లాభం. అక్కడ నడవడం నామోషీ అనుకున్నవాళ్ళే చివరి రెండు కిలోమీటర్లు కాళ్ళీడుస్తూ వస్తారు.

ఇక మెట్ల సంగతి. ఆ నొప్పి ఎక్కినందుకు కాదు, దిగినందుకు వచ్చింది. దిగేటప్పుడు ప్రతి అడుగులో తొడ ముందు కండరం సాగుతూనే బ్రేకు వేయాలి. అలవాటు లేని కండరంలో సన్నని చిరుగులు పడతాయి, నొప్పి రెండో మూడో రోజున గట్టిగా పట్టుకుంటుంది. మంచి విషయం ఏమిటంటే, ఒకసారి కొద్దిపాటి దిగుడు చవిచూసిన కండరం కొన్ని వారాలపాటు రెండో దెబ్బని తట్టుకుంటుంది. అందుకని 4 నుంచి 6 శాతం వాలున్న రెండొందల మీటర్ల దారి చూసుకోండి. ఫ్లైఓవర్ సర్వీసు రోడ్లు వద్దు, పార్కులో మట్టి వాలైతే మేలు. మొదటివారం నాలుగుసార్లు దిగండి, పైకి మాత్రం నడిచే వెళ్ళండి. వారం పది రోజులాగి ఆరుసార్లు, ఆ తర్వాత ఎనిమిది. రేసుకి పది రోజుల ముందు ఈ సాధన ఆపేయాలి.

దిగేటప్పుడు అడుగు పొట్టిగా పడాలి. పాదం నడుము కిందే వాలాలి, ముందుకి చాచితే మడమ నేలని గుద్దుకుని ఆ దెబ్బ మోకాలికి తగులుతుంది. చూపు కాలి దగ్గర కాదు, నాలుగైదు మీటర్ల ముందుండాలి. నొప్పితో పాటు మూత్రం డికాషన్ రంగులో వస్తే మాత్రం ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

ప్రశ్న: సకలేశపుర దగ్గర పాత రైలు పట్టాల వెంట ట్రెక్ చేసిన వీడియోలు చూశాం. నలుగురం స్నేహితులం అక్కడ పరుగు పెట్టాలనుకుంటున్నాం. ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవచ్చు?
— కోరమంగళ పాఠకులు

జవాబు: సున్నా. అది పాత లైను కాదు, నడుస్తున్న లైను. మీటర్ గేజ్ 1996లో ఆగింది. 2006-07లో బ్రాడ్ గేజ్‌గా మళ్ళీ తెరిచారు. పట్టాల మీదకి అనుమతి లేకుండా వెళితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మలుపు తిరిగితే సొరంగం, సొరంగం దాటితే వంతెన. వంతెన మీద స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెల) మధ్య కింద లోయ కనిపిస్తుంటుంది, పక్కకి తప్పుకునే చోటుండదు.

పైగా పట్టాల మధ్య పరుగు కుదరదు కూడా. కిలోమీటరుకి 1,660 స్లీపర్లు వేసిన లైనులో వాటి మధ్య దూరం 60 సెంటీమీటర్లు. ఒక్కొక్కటీ తొక్కితే అడుగు మరీ పొట్టి, ఒకటి విడిచి ఒకటి తొక్కితే 120 సెంటీమీటర్లు, తీరుబడిగా పరుగెత్తేవాళ్ళకి మరీ బారు. మధ్యలో కంకర మీద పడిన కాలు చీలమండ దగ్గర తిరుగుతుంది. హిందూపురం వైపు రైల్లో వెళ్ళేటప్పుడు కిటికీలోంచి ఊరించే మాకళిదుర్గ లైనుకీ ఇదే మాట. మాకళిదుర్గ కొండకి అటవీశాఖ ఆన్‌లైన్ బుకింగ్ ఉంది, అది చేసుకుని కొండే ఎక్కండి.

ప్రశ్న: నాకు 54 ఏళ్ళు, వారానికి మూడుసార్లు 8 కిలోమీటర్లు పరుగెత్తుతాను. అక్టోబరులో పిట్స్‌బర్గ్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. అక్కడ పాత రైలుమార్గాన్ని పరుగుదారిగా మార్చారట. నాలాంటివాళ్ళకి సరిపోతుందా?
— యలహంక పాఠకురాలు

జవాబు: బాగా సరిపోతుందమ్మా. గ్రేట్ అలెగెనీ పాసేజ్ అంటారు దాన్ని. పిట్స్‌బర్గ్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దాకా 240 కిలోమీటర్లు, ఎక్కువ భాగం సున్నపురాయి పొడి పరిచి గట్టిపరిచిన నేల. మామూలు రోడ్డు బూట్లు చాలు.

ఇనుప చక్రం ఇనుప పట్టా మీద పట్టు దొరక్క జారుతుంది. అందుకే రైలుమార్గం వాలుని నిలువునా ఎక్కదు, కొండ చుట్టూ తిరుగుతుంది. మన సకలేశపుర ఘాట్‌లోనే 50 మీటర్లకి ఒక మీటరు ఎక్కడం నిటారు కింద లెక్క. ఈ దారిలో పిట్స్‌బర్గ్ వైపు వాలు ఒక శాతంలోపే. 729 మీటర్ల ఎత్తున్న తూర్పు ఖండ విభాజకం (నీళ్ళు రెండు వైపులకి చీలి పారే గట్టు) దాటాక కంబర్లాండ్ వైపు దిగుడు దాదాపు 38 కిలోమీటర్లు, 1.75 శాతం దాకా ఉంటుంది.

ఇక్కడే ఒక మోసం ఉంది. ఒకటిన్నర శాతం వాలు కంటికి చదునులాగే కనిపిస్తుంది, గుండెకి మాత్రం తెలుస్తుంది. వెళ్ళేటప్పుడు హాయిగా ఉందంటే దిగుతున్నారన్నమాట, తిరిగి రావడం భారమవుతుంది. పక్కన ఏరు ఎటు పారుతోందో చూడండి. దానికి ఎదురుగా మొదలుపెట్టి, దాని వెంట తిరిగి రండి. రెండోది, గంటసేపు ఒకే అడుగు, ఒకే కోణం. కొండదారిలో కండరాలు వంతులు మార్చుకుంటాయి, ఇక్కడ పిక్క, తుంటి ఊపిరి తీసుకోవు. ప్రతి రెండు కిలోమీటర్లకి ఒక నిమిషం నడవండి.

మీకు ఒహైయోపైల్ నుంచి కన్‌ఫ్లూయెన్స్ వైపు ముక్క బాగుంటుంది. అది మొత్తం సుమారు 18 కిలోమీటర్లు, ఒక్కవైపుకి నాలుగు కిలోమీటర్లు వెళ్ళి వెనక్కి రండి. ఏటి అవతలి గట్టున ఇప్పటికీ గూడ్సు రైళ్ళు పోతుంటాయి, చూడముచ్చటగా ఉంటుంది. దారికి కుడివైపునే ఉండండి. వెనక నుంచి సైకిలువాళ్ళు "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరిస్తే ఎడమకి జరగమని కాదు, ఎడమవైపు నుంచి దాటుతున్నామని. మనవాళ్ళు సరిగ్గా అక్కడే అడ్డం పడతారు. గడ్డిలోకి దిగకండి, పిడుదులుంటాయి, వాటితో లైమ్ జబ్బు వస్తుంది. ఇంటికి రాగానే మోకాలి వెనకా, నడుము చుట్టూ, జుట్టులో వెతుక్కోండి. కరిచి ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలి, మెలిపెట్టకూడదు.

ప్రశ్న: నంది కొండ దిగిన ప్రతిసారీ బొటనవేలి గోరు నల్లబడుతోంది. బూటు ఒక సైజు పెంచాను, తగ్గలేదు.
— హెబ్బాళ పాఠకుడు

జవాబు: కాలి వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉంటే సైజు చాలు. ఇంకా పెంచితే పాదం లోపల మరింత జారుతుంది. మడమని కట్టేయాలి. చీలమండ దగ్గర వాడకుండా వదిలేసే చివరి రంధ్రం ఉంటుంది చూశారా? లేసుని బయటి నుంచి అదే వైపు ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉంగరంలా వదలండి. రెండోవైపూ అంతే. ఇప్పుడు ప్రతి కొసనీ ఎదుటి ఉంగరంలోంచి తీసి, పైకి కాదు, కిందికి లాగి బిగించి ముడి వేయండి. వేళ్ళ దగ్గర లేసు వదులుగానే ఉండాలి. గోళ్ళు రెండు రోజుల ముందే అడ్డంగా కత్తిరించండి.

ప్రశ్న: మూడు గంటల కొండపరుగులో మూడు లీటర్ల నీళ్ళు తాగాను. అయినా తలనొప్పి, వికారం, ఉంగరం బిగుసుకుంది. ఇంకా తాగాలా?
— కెంగేరి పాఠకురాలు

జవాబు: తక్కువ తాగాలి. వేళ్ళు ఉబ్బడం, వికారం కలిసి వచ్చాయంటే ఒంట్లో ఉప్పు పలచబడిందేమోనని అనుమానించాలి. ఈసారి పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు పోయినట్టు. బరువు పెరిగిందంటే ఎక్కువ తాగేశారు. దాహాన్ని బట్టి గంటకి 400 నుంచి 600 మిల్లీలీటర్లు చాలామందికి సరిపోతాయి. లీటరు నీళ్ళలో పావు చెంచా ఉప్పు, ఐదు చెంచాల పంచదార, ఒక నిమ్మకాయ. లేదా డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసున్న లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని రెండు లీటర్లలో కలపండి, సోడియం లీటరుకి సుమారు 850 మిల్లీగ్రాములొస్తుంది. ఈ పలచన పరుగు కోసమే. విరేచనాలకి వాడేటప్పుడు లీటరుకే కలపాలి. మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా నీళ్ళు పట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ప్రశ్న: తెల్లవారకముందే అడవిదారి పట్టొచ్చా? పాముల భయం.
— బన్నేరుఘట్ట రోడ్డు పాఠకుడు

జవాబు: మీవైపు పాముల కంటే ముందు ఏనుగుల గురించి ఆలోచించాలి. నేషనల్ పార్కు అంచున చీకట్లో పరుగు వద్దే వద్దు. మిగతా చోట్ల వెలుగొచ్చాకే మొదలుపెట్టండి. ఎండుటాకుల గుట్ట మీద, రాయి అవతలి పక్క కనపడకుండా కాలు వేయకండి, రక్తపింజరి అలాంటి చోటే కదలకుండా ఉంటుంది. కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు. బూటు, ఉంగరాలు తీసేసి, కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు సిగ్నల్ ఎక్కడిదాకా ఉంటుందో మొదటి చుట్టులోనే చూసిపెట్టుకోవాలి.