మీ ‘తకిట’ ఇక్కడా పనికొస్తుంది

ప్రశ్న: మాది పాలకొల్లు. నాకు 41 ఏళ్లు. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. మావారికి డాన్సు కొత్త. ఇద్దరం కలిసి బాల్‌రూమ్, లాటిన్ డాన్సులు నేర్చుకోవాలని ఉంది. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: చాలా సంతోషమమ్మా. పోటీల్లో బాల్‌రూమ్ వైపు వాల్ట్జ్, టాంగో, వియన్నీస్ వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, క్విక్‌స్టెప్ ఉంటాయి. లాటిన్ వైపు సాంబా, చా చా, రుంబా, పాసో డోబ్లే, జైవ్. కాకినాడలో నా దగ్గరకొచ్చే దంపతులకు ముందు వాల్ట్జే నేర్పుతాను. నిమిషానికి సుమారు 30 ఆవర్తాలు, అంతే. ఆవర్తానికి మూడు దెబ్బలు. మీకు తిశ్రం, అంటే మూడు దెబ్బల నడక, తెలుసు కాబట్టి ‘తకిట, తకిట’ అనుకుంటూ అడుగెయ్యండి. ‘ట’ దగ్గర పాదాలు రెండూ చేరాలి. కూచిపూడి అలవాటుకొద్దీ అరమండిలోకి, అంటే మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు, దిగకండి, ఇందులో ఒళ్లు నిటారుగా నిలవాలి. మీవారికి ఒక్కటే చెప్పండి: మిమ్మల్ని చేత్తో తోయకూడదు. ఆయన ఒళ్లు కదిలితే మీకు దారి తెలియాలి. కొత్తవాళ్లకి అసలు కష్టం ఇదే, ఓపిక పట్టండి.

తర్వాత చా చా. 1950ల మొదట్లో క్యూబా వయొలిన్ విద్వాంసుడు ఎన్రికే హోరిన్ కట్టిన బాణీల నుంచి వచ్చింది, మహా హుషారు.

సాధన మాత్రం డాబా మీద వద్దు. గరుకు గచ్చు మీద పాదం తిరగక మోకాలు మెలిపడుతుంది. హాల్లో కుర్చీలు పక్కకి జరుపుకోండి.